78 వేగం గ్రామఫోన్ రికార్డులకు సూది హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?

ఈ మధ్య మా ఇంట్లో సాయంత్రాలన్నీ తాతగారి రికార్డులవే. 33 వేగం, అంటే నిమిషానికి సుమారు 33 చుట్లు తిరిగే, ఎల్పీలకు (లాంగ్ ప్లే రికార్డులకు) లోటు లేదు. ఘంటసాల పద్యం అందుకుంటే అమ్మ పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంటుంది. చిక్కంతా 78 వేగం లక్క రికార్డులతోనే. వాటి గాడి వెడల్పుగా ఉంటుంది. ఎల్పీ సూది అందులో కుదురుగా నిలవక అడుగున గీసుకుంటూ పోతోంది. సన్నాయి కన్నా బరబరలే ఎక్కువ! మొన దాదాపు 3 మిల్‌లు, అంటే అంగుళంలో వెయ్యింట మూడు వంతులు, ఉన్న సూది కావాలి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఎల్పీ సూదులే చూపించారు. నగరంలో ఎవరి దగ్గరైనా దొరుకుతుందా? ఆ రికార్డులకు పట్టిన బూజు ఎలా తుడవాలో కూడా చెప్పండి. స్పిరిట్ మాత్రం వద్దు, లక్క కరిగిపోతుంది. అన్నట్టు, మీ ఇళ్లలో ఏ రికార్డులు తిరుగుతున్నాయి?