ఆర్కిటిక్ నౌకామార్గం: మంచును కరిగించాలా, పగలగొట్టాలా?

చుక్కాని:
రష్యా ఉత్తర తీరం వెంట కారా ద్వారం అనే జలసంధి నుంచి బేరింగ్ జలసంధి దాకా సాగే ఉత్తర సముద్ర మార్గం దాదాపు 5,600 కిలోమీటర్లు. ఏటా నెలల తరబడి దాన్ని మంచు మూసేస్తుంది. అడుగున గొట్టాలు పరచి గాలిబుడగలు వదిలి గానీ, అణు రియాక్టర్ల వేడిని నీటిలోకి మళ్లించి గానీ ఒక సన్నని దారిని శాశ్వతంగా తెరిచి ఉంచడం, మంచును పగలగొట్టే ఐస్‌బ్రేకర్ నౌకలను పదే పదే పంపడంకన్నా మేలని నా అభిప్రాయం.

లంగరు:
చుక్కాని గారూ, ముందు వేడి లెక్క చూద్దాం. కిలో మంచు కరగడానికి సుమారు 334 కిలోజౌళ్లు కావాలి. మీటరున్నర మందం, 50 మీటర్ల వెడల్పు ఉన్న దారిలో ఒక్క కిలోమీటరు మేర మంచే దాదాపు 67,000 టన్నులు. 2020లో సేవలో చేరిన ‘ఆర్కిటికా’ ఐస్‌బ్రేకర్‌లోని రెండు రియాక్టర్లు ఇచ్చే 350 మెగావాట్ల ఉష్ణాన్ని రవ్వంత వృథా కాకుండా దానికే ధారపోసినా, ఆ కిలోమీటరు కరగడానికి సుమారు 18 గంటలు పడుతుంది. అదే నౌక ప్రొపెల్లర్లకు అందే 60 మెగావాట్లతో, దాదాపు మూడు మీటర్ల మందమున్న మంచును సైతం చీల్చుకుంటూ అంత దూరాన్ని అరగంటలోపే దాటగలదు.

బుడగల పద్ధతికి ఉన్న అడ్డంకి ఇంకా మౌలికమైనది. మంచినీరు 4 డిగ్రీల దగ్గర అత్యంత సాంద్రంగా ఉంటుంది కనుక సరస్సుల అడుగున ఆ కాస్త వెచ్చని నీరు నిలుస్తుంది, బుడగలు దాన్నే పైకి తెస్తాయి. సముద్రపు ఉప్పునీరు గడ్డకట్టేదాకా బరువెక్కుతూనే ఉంటుంది కాబట్టి, లోతు తక్కువైన సైబీరియా తీర సముద్రాల్లో శీతాకాలంలో అడుగున కూడా పైకి తేదగిన వెచ్చదనం పెద్దగా మిగలదు. అదీగాక మంచు ఒకచోట ఉండదు. 1934 ఫిబ్రవరిలో చుక్చీ సముద్రంలో ‘చెల్యూస్కిన్’ నౌకను నలిపి ముంచింది ఈ కదిలే మంచే.

తెరచాప:
కరిగించడం అసాధ్యమన్నంత మాత్రాన పగలగొట్టడం పరిష్కారమైపోదు. ముక్కల మధ్య బయటపడిన నీరు చలికి త్వరగా గడ్డకట్టడంతో, తరచూ నౌకలు తిరిగే దారిలో ముక్కల మంచు చుట్టూ ఉన్న మంచుకన్నా మందంగా పేరుకుంటుంది. 2021 నవంబరులో మంచు ముందుగానే కమ్ముకున్నప్పుడు ఆ మార్గపు తూర్పు భాగంలో అనేక నౌకలు చిక్కుకుని ఐస్‌బ్రేకర్ల కోసం ఎదురుచూశాయి. పైగా ఇలాంటి దారిని రష్యా తీరం దాటి మిగతా ఆర్కిటిక్‌లోనూ తెరవాలనుకుంటే, కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్‌లో ఆదివాసులైన ఇన్యూట్ ప్రజలకు గడ్డకట్టిన సముద్రమే శీతాకాలపు రహదారి, వేటకు వెళ్లే బాట. శాశ్వతంగా తెరిచిన దారి అంటే వారికి మధ్యలో తెగిన రోడ్డే.

లంగరు:
తెరచాప గారు చెప్పిన కారణాల వల్లనే, మార్చవలసింది సముద్రాన్ని కాదు, నౌకను అంటున్నాను. ఫిన్లాండ్ ఇంజినీర్లు రూపొందించిన విధానంలో నౌక నీటిలో ముందుకు నడుస్తుంది, దట్టమైన మంచులో వెనక్కి తిరిగి, ఏ దిక్కుకైనా తిరిగే ప్రొపెల్లర్లతో మంచును నమిలేస్తూ వెనుకభాగంతో దారి చేసుకుంటుంది. రష్యాలో యమాల్ ద్వీపకల్పంలోని సబెట్టా రేవు నుంచి గ్యాసు తీసుకెళ్లే ‘క్రిస్టోఫ్ ద మార్జెరీ’ ట్యాంకర్ 2017 నుంచీ ఈ పద్ధతిలోనే, 2.1 మీటర్ల దాకా మందమున్న మంచులో సొంతంగా నడవగల సామర్థ్యంతో పనిచేస్తోంది. గొట్టాలకు పెట్టే ఖర్చు ఇలాంటి నౌకలకూ, మంచు కదలికలను ముందే పసిగట్టే ఉపగ్రహ చిత్రాలకూ పెట్టాలి. ఇన్యూట్ ప్రజలు మంచుమీద ప్రయాణించే నెలల్లో వారి సమ్మతి లేనిదే అటువంటి నౌకను కూడా ఆ నీళ్లలోకి పంపకూడదు.