మారిస్ స్మిత్ స్ట్రైకర్లకు దారి చూపించాడా, కోల్‌మన్ అలసిపోవడం కలిసొచ్చిందా?

రాత్రి_రింగ్:
నిన్న రాత్రి యూఎఫ్‌సీ 14 (గుద్దులు, కిక్కులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన ఫైటింగ్ పోటీ) మళ్లీ చూశాను. 1997 జులై 27, అలబామాలోని బర్మింగ్‌హామ్. సియాటిల్ కిక్‌బాక్సర్ మారిస్ స్మిత్, హెవీవెయిట్ చాంపియన్ మార్క్ కోల్‌మన్‌ని జడ్జీల నిర్ణయంతో ఓడించాడు. ఈ ఆటలో స్ట్రైకర్లకు, అంటే గుద్దులు, కిక్కులతో ఆడేవాళ్లకు, దారి వేసింది స్మితేనని నా నమ్మకం. మా ఫ్రెండ్స్ మాత్రం "కోల్‌మన్‌కి ఊపిరి అయిపోయింది, అంతే" అంటున్నారు. మీరేమంటారు?

డబుల్‌లెగ్_నెల్లూరు:
వాళ్లన్నదాంట్లో తప్పేముంది బ్రో? కోల్‌మన్ 1992 ఒలింపిక్స్‌కి వెళ్లిన రెజ్లర్. అప్పటికి ఆడిన ఆరు ఫైట్లూ గెలిచాడు. ఎక్కువసేపు ఆడాల్సి వచ్చేసరికి దొరికిపోయాడు. పది నెలల తర్వాత పీట్ విలియమ్స్‌తోనూ అలాగే అలసిపోయి హెడ్ కిక్‌కి పడ్డాడు. లోపం అతనిది, గొప్ప స్మిత్‌దా?

స్మిత్ రికార్డు చూడండి, గెలుపోటములు దాదాపు సమానం. బెల్టు కూడా అదే డిసెంబరులో జపాన్‌లో రాండీ కూటూర్‌కి పోయింది. మళ్లీ రెజ్లర్‌కే! స్ట్రైకింగ్‌లో ముందు చెప్పాల్సిన పేరు మార్కో రువాస్. 1995లో యూఎఫ్‌సీ 7 ఫైనల్లో ఆరడుగుల ఎనిమిది అంగుళాల పాల్ వారెలాన్స్‌ని కాళ్ల మీద కొట్టే లో కిక్కులతో నరికేశాడు.

షిన్‌గార్డ్:
రువాస్ ఫైట్ నాకూ చాలా ఇష్టం. కానీ రువాస్‌కి నేల మీద ఆట ముందే వచ్చు, వారెలాన్స్ కోల్‌మన్ లాంటి రెజ్లర్ కాదు. స్మిత్ వచ్చింది పూర్తిగా కిక్‌బాక్సింగ్ నుంచి. జపాన్‌లో పాంక్రేస్ అనే పోటీల్లో కెన్ షామ్‌రాక్, బాస్ రూటెన్ ఇద్దరూ అతన్ని సబ్‌మిషన్‌తో (పట్టు వేసి లొంగదీసి) ఓడించారు. రికార్డులో ఉన్న ఆ ఓటముల్లోనే అతను నేర్చుకున్నాడు. తర్వాత ఫ్రాంక్ షామ్‌రాక్, సుయోషి కొసాకాలతో కలిసి ప్రాక్టీస్ చేశాడు. వాళ్లకి స్ట్రైకింగ్ నేర్పాడు, వాళ్ల దగ్గర గ్రౌండ్ నేర్చుకున్నాడు.

ఇప్పుడు ఆ ఫైట్ ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. కోల్‌మన్ మొదట్లోనే కింద పడేసి మౌంట్ దాకా, అంటే ఛాతీ మీద ఎక్కి కూర్చునేదాకా, వెళ్లాడు. తలతో గుద్దడం అప్పటికి ఇంకా నిషేధం కాదు, యూఎఫ్‌సీ 15 నుంచే ఆపారు. స్మిత్ కంగారుపడలేదు. కాళ్లతో కోల్‌మన్ నడుము బిగించి గార్డ్ అనే రక్షణ పొజిషన్‌లోకి లాక్కున్నాడు, కింద నుంచే మోచేతులు వేశాడు. 15 నిమిషాలు అయ్యాక మూడేసి నిమిషాల ఓవర్‌టైమ్‌లు రెండు. అప్పటికి కోల్‌మన్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోతున్నాడు, స్మిత్ ప్రశాంతంగా తొడ మీద కిక్కులు వేస్తున్నాడు.

నేను నాలుగేళ్లు కిక్‌బాక్సింగ్ చేశాక గ్రాప్లింగ్ (నేల మీద పట్లు) క్లాసులో చేరాను. మొదటి రోజే 85 కిలోల కుర్రాడు ఛాతీ మీద కూర్చున్నాడు. తోసేద్దామని గింజుకుని రెండు నిమిషాల్లో నా ఊపిరంతా ఖర్చు చేసుకున్నాను. అతనికి చెమట కూడా పట్టలేదు. స్మిత్ చేసింది దీనికి తిరగేసిన పని. కింద ఉంటూ పైవాడి చేత ఖర్చు పెట్టించాడు. కోల్‌మన్ తనంతట తాను అలసిపోలేదు, స్మిత్ అలసిపోయేలా చేశాడు. 1993లో మొదటి యూఎఫ్‌సీలో బాక్సర్ ఆర్ట్ జిమ్మర్‌సన్ ఒక చేతికే గ్లవ్ వేసుకొచ్చి, జుజిట్సు ఆడే రాయిస్ గ్రేసీ మౌంట్ ఎక్కగానే ట్యాప్ చేసి ఓటమి ఒప్పుకున్నాడు. నాలుగేళ్లలో ఎక్కడి నుంచి ఎక్కడికి!

రాత్రి_రింగ్:
ఇంకొకటి కలుపుతాను. 1999లో యూఎఫ్‌సీ 22లో ఫ్రాంక్ షామ్‌రాక్, తనకంటే భారీగా ఉండే టిటో ఓర్టిజ్‌ని నాలుగో రౌండ్ దాకా లాగి ముగించాడు. అదే లెక్క. స్మిత్ పక్కన ప్రాక్టీస్ చేసినవాడు కదా.

షిన్‌గార్డ్:
అవును. కూటూర్ గురించి మాత్రం నెల్లూరు గారిదే కరెక్ట్. అతను తొందరపడకుండా పట్టుకుని ఉండిపోయాడు, స్మిత్ దగ్గర దానికి జవాబు లేకపోయింది.

డబుల్‌లెగ్_నెల్లూరు:
ఊపిరి ఖర్చు పెట్టించాడన్న మాట ఒప్పుకుంటా అన్నా, ఈ కోణంలో ఆ ఫైట్ నేను చూడలేదు. రువాస్ విషయంలో మాత్రం తగ్గను. 1999లో యూఎఫ్‌సీ 21లో స్మిత్, రువాస్ తలపడితే మొదటి రౌండ్ తర్వాత రువాస్ కార్నర్‌లోని అతని టీమే ఫైట్ ఆపేసింది, నిజమే. కానీ అప్పటికి రువాస్‌కి 38 ఏళ్లు, మోకాలు దెబ్బతింది. ఆ ఫైట్ చూపించి 1995 నాటి రువాస్‌ని కొట్టేయకండి.