పాత వాల్వుల మంచిచెడ్డలను కర్వ్ ట్రేసర్ తేల్చగలదా?

టవర్‌క్లాక్, అనంతపురం:
మా ఊళ్లో మూతబడిన ఒక రేడియో మరమ్మతు దుకాణం సామాను అమ్మకానికి వచ్చింది. అందులో బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) తయారీ వాల్వులు, అంటే పాత రేడియోల్లో, ఆంప్లిఫయర్లలో వాడే గాజు వాక్యూమ్ ట్యూబులు ఉన్నాయి: చిన్న సిగ్నల్‌ను పెంచే ఈసీసీ83, స్పీకర్‌ను నడిపే ఈఎల్84. వాటితో పాటు బ్రిటిష్ కంపెనీ ముల్లార్డ్ ముద్ర ఉన్నవీ కొన్ని ఉన్నాయి. ముల్లార్డ్ వాటికి అమ్మే ఆయన మూడింతల ధర చెబుతున్నారు. రోనాల్డ్ డెక్కర్ రూపొందించిన యూట్రేసర్ అనే కర్వ్ ట్రేసర్ (వాల్వు కరెంటును గీతలుగా గీసి చూపే పరికరం) నా దగ్గర ఉంది కనుక, ప్రతి వాల్వుకూ గ్రిడ్ (కరెంటును అదుపు చేసే తీగచుట్ట) వోల్టేజీని మెట్లు మెట్లుగా మారుస్తూ, ప్లేట్ (కరెంటును అందుకునే భాగం) వోల్టేజీ పెరిగేకొద్దీ కరెంటు ఎలా పెరుగుతోందో గీయించి చూడగలను. రెండు వాల్వుల కర్వులు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటే, వాటి మీద ఏ పేరు అచ్చు వేసి ఉన్నా ఆంప్లిఫయర్‌కు రెండూ ఒకటేనని, పేరుకు అదనంగా డబ్బు పెట్టనక్కరలేదని నా వాదన. కాదనేవారు కారణం చెప్పగలరు.

కోటిరెడ్డి సర్కిల్, కడప:
ఈసీసీ83 వరకు మీ మాట చాలావరకు నిజమే గానీ, ఈఎల్84 దగ్గర అది నిలవదు. యూట్రేసర్ ఒక్కో బిందువును సుమారు ఒక మిల్లీసెకను పల్స్‌తో కొలుస్తుంది కనుక ఆ వ్యవధిలో ప్లేట్ వేడెక్కదు. ఆంప్లిఫయర్‌లోనైతే అదే ఈఎల్84 250 వోల్టుల వద్ద 48 మిల్లీ ఆంపియర్లు మోస్తూ, అంటే తన పరిమితి అయిన 12 వాట్లను పూర్తిగా భరిస్తూ, గంటల తరబడి కాలుతూ ఉంటుంది. లోపల వాయువు చేరిన వాల్వు అసలు గుణం అప్పుడే బయటపడుతుంది. గ్రిడ్ నుంచి 2 మైక్రో ఆంపియర్లు కారినా, 470 కిలో ఓమ్‌ల గ్రిడ్ రెసిస్టర్ మీద దాదాపు ఒక వోల్టు నిలుస్తుంది, 7.3 వోల్టుల బయాస్‌లో (కరెంటును అదుపులో ఉంచే గ్రిడ్ ఋణ వోల్టేజీలో) అంత తగ్గితే, బయాస్‌ను విడిగా ఇచ్చే ఫిక్స్‌డ్ బయాస్ సర్క్యూట్‌లో కరెంటు సుమారు 10 మిల్లీ ఆంపియర్లు పెరుగుతుంది, దానితో వేడి పెరుగుతుంది, వేడితో కారడం మరింత పెరుగుతుంది. కాథోడ్ (ఎలక్ట్రాన్లను వెదజల్లే భాగం) దగ్గర రెసిస్టర్ ఉన్న సర్క్యూట్‌లో ఇది కొంత సర్దుకుంటుంది గానీ పూర్తిగా పోదు. చల్లగా గీసిన కర్వు చక్కగా కుదిరిన వాల్వు కూడా అరగంట తరువాత ప్లేట్ ఎర్రబడి కనిపించవచ్చు.

బురుజు, కర్నూలు:
నేను వినేవాణ్ణే తప్ప కొలిచేవాణ్ణి కాదు. ఒకే ప్రీఆంప్‌లో (ఆంప్లిఫయర్‌కు ముందుండే దశలో) బీఈఎల్ ఈసీసీ83నూ, ముల్లార్డ్‌నూ మార్చి మార్చి పెట్టి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి పాత రికార్డు వింటే, ముల్లార్డ్‌లో గాత్రం ముందుకు వచ్చి నిండుగా వినిపించింది. చెవికి ఇంత స్పష్టంగా తెలిసే తేడా కర్వుల్లో కనిపించకపోతే, లోపం కర్వులదేనని అనుకోవాలి.

టవర్‌క్లాక్, అనంతపురం:
అయ్యా, ఆ తేడా కర్వుల్లో కనిపించేదే కావచ్చు, మీరు దానికి పెట్టిన పేరే వేరు. ఈసీసీ83 ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్, అంటే కరెంటు మీద గ్రిడ్ వోల్టేజీ ప్రభావం ప్లేట్ వోల్టేజీ కంటే ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య, 100. అది గ్రిడ్ చుట్ల మధ్య ఎడం, ఎలక్ట్రోడ్ల మధ్య దూరం వంటి నిర్మాణాన్ని బట్టి వచ్చేది కనుక వయసుతో పెద్దగా మారదు. కాథోడ్ అలసేకొద్దీ పెరిగేది ప్లేట్ నిరోధం. కొత్త వాల్వులో అది 62.5 కిలో ఓమ్‌లు. 100 కిలో ఓమ్‌ల ప్లేట్ రెసిస్టర్‌తో గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ లెక్క) సుమారు 61 వస్తుంది. పాతబడి నిరోధం 80 కిలో ఓమ్‌లకు చేరితే గెయిన్ 55 దగ్గరకు దిగుతుంది. అంటే ఒక డెసిబెల్‌కు కొంచెం తక్కువ తేడా. అంత తేడాను మనం శబ్దం పెరిగిందని గుర్తించము, పాట బాగుందని అనుకుంటాము. వాల్యూమ్‌ను మీటర్‌తో సమం చేసి, ఏది పెట్టారో మీకు చెప్పకుండా మరొకరి చేత మార్పించి వినండి. అప్పుడూ నిండుగానే వినిపిస్తే నా వాదనను నేను వదులుకుంటాను.

బురుజు, కర్నూలు:
అలాగే వింటాను, భయమేమీ లేదు. అయితే ఒక మాట. ఫోనో స్టేజ్‌లో (రికార్డు ప్లేయర్ సిగ్నల్‌ను పెంచే దశలో) ఉన్న ఈసీసీ83ని పెన్సిల్ చివరతో మెల్లగా తట్టినప్పుడు ఒక దానిలో స్పీకర్ నుంచి గంట మోగినట్లు శబ్దం వస్తుంది, పక్కదానిలో రాదు. చిటపటలు, హమ్ సంగతీ అంతే. ఇవి మీ గీతల్లో ఎక్కడున్నాయి?

టవర్‌క్లాక్, అనంతపురం:
ఎక్కడా లేవు. ఫోనోకు వాడే వాల్వును సర్క్యూట్‌లో పెట్టి విని తీరాలని నేనూ ఒప్పుకుంటాను. కానీ అది ఒక్కో వాల్వు గుణం, కంపెనీ గుణం కాదు. ముల్లార్డ్‌లలోనూ మోగేవి ఉంటాయి.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్, ప్రొద్దుటూరు:
కర్వుల మీద ఆధారపడే ముందు ఫిలమెంట్ (కాథోడ్‌ను వేడి చేసే తీగ) వోల్టేజీ సంగతి చూసుకోండి. మా పల్లెల్లో బోరు మోటార్లు నడిచే వేళ లైనులో 230కి బదులు 200 వోల్టులు వస్తే, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే పాత టెస్టర్లో 6.3 వోల్టులు ఐదున్నరకు పడిపోతాయి, మంచి వాల్వు కూడా నీరసంగా కనిపించవచ్చు. యూట్రేసర్ అడాప్టర్ మీద నడుస్తుంది కనుక ఈ బెడద తక్కువ. అయితే ఇదే సంగతిని పరీక్షగానూ వాడుకోవచ్చు: కావాలనే 5.7 వోల్టులకు తగ్గించి మళ్లీ గీయండి. కాథోడ్‌లో సత్తువ మిగిలిన వాల్వు కర్వు పెద్దగా కదలదు. అయిపోవచ్చినది ఒక్కసారిగా కుంగిపోతుంది. 6.3 వద్ద ఒకేలా కనిపించిన రెండు వాల్వులు ఇక్కడ విడిపోతాయి. నన్నడిగితే ధర నిర్ణయించవలసింది ఈ రెండో గీతను చూసి.

కోటిరెడ్డి సర్కిల్, కడప:
ఆ పరీక్ష ఈఎల్84లకూ చేయండి; ఆ పైన అరగంట వేడెక్కించి గ్రిడ్ కరెంటు విడిగా కొలవండి. మరో సంగతి: గాజు మీది రంగు ముద్రను ఎవరైనా కొత్తగా వేయగలరు. అసలు ముల్లార్డ్ అయితే గాజు అడుగున సన్నటి అక్షరాల కోడ్ ఉంటుంది, ఇంగ్లాండ్‌లోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీవైతే అందులో బీ అక్షరం వస్తుంది. మూడింతలు అడిగే ముందు ఆయన దాన్ని చూపించాలి.

టవర్‌క్లాక్, అనంతపురం:
వెళ్లి ఆ కోడ్ చూస్తాను. రెండో గీత కూడా కుదిరిన బీఈఎల్ ఈసీసీ83లను తీసుకుంటాను, ముల్లార్డ్‌లకు అదనంగా ఇవ్వను. ఈఎల్84ల విషయంలో మాత్రం కడప వారి మాట ప్రకారమే నడుచుకుంటాను.

బురుజు, కర్నూలు:
అయితే మీరు వదిలేసే ముల్లార్డ్ ఈసీసీ83లు ఎన్ని ఉన్నాయో, ఆయన ఆఖరి ధర ఎంత చెబుతారో దయచేసి నాకు తెలియజేయండి.