గుండె ఆగి తిరిగొచ్చినవాళ్లు చెప్పేది ఎలా రాసుకోవాలి?

వేపచెట్టు:
గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి చేసే సీపీఆర్‌తో బతికినవాళ్లలో కొందరు వెలుగు చూశామని, పైకప్పు దగ్గర్నుంచి తమ శరీరాన్నే చూసుకున్నామని చెబుతారు. మన ఊళ్లలో 'చచ్చి బతికినవాళ్లు' చెప్పేదాంట్లో మాత్రం యమభటులుంటారు. ఈ తేడా ఎందుకు? పైనుంచి చూశామన్నదాన్ని ఎవరైనా పరీక్షించారా? ఇంట్లో ఎవరైనా చెబితే ఆ మాట చెడకుండా ఎలా రాసుకోవాలి?

నల్లరేగడి:
పరీక్షించారండీ. శామ్ పార్నియా అనే వైద్యుడి బృందం 15 ఆసుపత్రుల్లో, పైకప్పుకు దగ్గరగా అరలు బిగించి, కిందివాళ్లకు కనబడకుండా బొమ్మలు పెట్టింది. 2014లో ఫలితాలు వచ్చాయి. 2060 మందికి గుండె ఆగితే బతికింది 330 మంది, చివరిదాకా వివరాలు చెప్పగలిగింది 101 మంది. గదిలో జరిగింది చూశాం, విన్నాం అని వివరంగా చెప్పింది ఇద్దరే. ఆ ఇద్దరికీ గుండె ఆగింది అరల్లేని చోట! వాళ్లలో ఒకాయన షాక్ ఇచ్చే యంత్రం పలికిన మాటలు కూడా చెప్పారు.

2023లో వెలువడిన రెండో అధ్యయనంలో టాబ్లెట్ మీద బొమ్మలు చూపించారు, హెడ్‌ఫోన్లలో పండ్ల పేర్లు వినిపించారు. మాట్లాడగలిగిన 28 మందిలో బొమ్మ ఎవరూ చెప్పలేదు. పండ్ల పేర్లు ఒక్కరు చెప్పారు.

అసలు చిక్కు టైముతోనే. గుండె ఆగిన 10–20 సెకన్లలో మెదడులోని విద్యుత్తును చూపే ఈఈజీ గీత చదునైపోతుంది. కానీ ఛాతీ నొక్కుతున్నంతసేపూ మామూలులో పావు వంతో, మూడో వంతో రక్తం తిరుగుతూనే ఉంటుంది. అనుభవం గీత చదునుగా ఉన్నప్పుడు కలిగిందా, స్పృహ తప్పుతుండగానా, తేరుకుంటుండగానా? అది తేలకుండా 'మెదడు ఆగినా చూశాడు' అనడం తొందరపాటు. 'ఏమీ లేదు' అని కొట్టిపారేయడమూ అంతే.

కృష్ణాతీరం:
యమభటుల సంగతి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన సత్వంత్ పస్రీచా, అమెరికాలో పనిచేసిన మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్సన్‌తో కలిసి 1986లో 16 భారతీయ ఉదంతాలు ప్రచురించారు. భటులొచ్చి తీసుకెళ్లడం, అక్కడ చిట్టా చూసి 'ఇతను కాదు, పొరపాటున తెచ్చారు' అని వెనక్కి పంపడం వాటిలో పదేపదే వస్తుంది. పాశ్చాత్యులకైతే చనిపోయిన బంధువే ఎదురొచ్చి 'నీకింకా టైం కాలేదు' అంటాడు. వెళ్లడం, వెనక్కి పంపబడడం రెండుచోట్లా ఒకటే, వేషాలు మారాయి. పెరిగిన వాతావరణమే ఆ వేషాలు ఇస్తుందని నా అభిప్రాయం. ఒకటి మరవొద్దు, ఇవి మానిటర్ పక్కన కూర్చుని రాసినవి కావు, తర్వాత అడిగి రాసినవి.

జామతోట:
రాసుకునే పద్ధతి చెబుతాను. 'వెలుగు కనబడిందా?' అని మీరుగా అడగొద్దు, అడిగారంటే అక్కడే చెడింది. 'స్పృహ పోకముందు ఆఖర్న ఏం గుర్తుంది? ఆ తర్వాత మొదట గుర్తున్నదేంటి?' అని అడిగి ఆగండి. ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. 'తెల్లగా ఉంది' అంటే అలాగే రాయండి, దాన్ని 'దివ్యకాంతి' చేయొద్దు. నలుగురికీ చెప్పకముందే రాయాలి, చెప్పినకొద్దీ కథ నునుపెక్కుతుంది.

ఇలాంటి అనుభవాన్ని కొలిచే ప్రశ్నావళి గ్రేసన్ స్కేలు. అది ఆ తర్వాతే. 16 ప్రశ్నలు, ఒక్కోదానికి 0, 1, 2, మొత్తం 32. 7, ఆపైన వస్తే మరణ సమీప అనుభవంగా లెక్కిస్తారు.

ఐసీయూలో వచ్చే మతి గందరగోళంతో (డెలీరియం) కలిపేయకండి. అందులో స్పృహ వస్తూ పోతూ ఉంటుంది, మాటలకు పొంతన ఉండదు, ఎవరో చంపడానికొస్తున్నారన్న భయం ఉండొచ్చు. మత్తుమందులైన కెటమిన్, మిడజోలామ్ ఇచ్చారేమో కూడా చూడండి. మొదటిది శరీరం విడిచినట్టు అనిపింపజేయగలదు, రెండోది కొత్త జ్ఞాపకాలు నిలవనివ్వదు.

ఏమీ గుర్తులేదంటే గుచ్చి గుచ్చి అడగొద్దు. నెదర్లాండ్స్‌లో 2001లో ప్రచురించిన అధ్యయనంలో గుండె ఆగి బతికిన 344 మందికి గాను 62 మందే ఏదో చెప్పారు.

వేపచెట్టు:
డిశ్చార్జి సమ్మరీలో టైములు ఉండవు కదండీ?

జామతోట:
ఉండవు. కేస్ షీట్ నకలు కావాలని ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగంలో రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నాటి వైద్య మండలి నిబంధన. నర్సుల నోట్సు, మందుల చార్టు, సీపీఆర్ మొదలుపెట్టిన టైము, గుండె తిరిగి కొట్టుకున్న టైము అడిగి తీసుకోండి. మీ ఇంట్లోవాళ్లు విన్నామన్న మాటలు ఆ టైముల్లో ఎక్కడ పడతాయో అప్పుడు చూడొచ్చు.