16 ఏళ్ల అమ్మాయికి బ్యాంక్ అకౌంట్: సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకుండా కుదురుతుందా?

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి అమెరికాలోని ఫ్రిస్కో వచ్చి రెండు నెలలైంది. మావారిది హెచ్‌-1బీ ఉద్యోగ వీసా, నేనూ అమ్మాయీ ఆయన మీద ఆధారపడి వచ్చే హెచ్‌-4 వీసా. క్లాసులో అందరి దగ్గరా డెబిట్ కార్డులున్నాయట, తనకీ కావాలని ఒకటే గొడవ. తనకి సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేదు. అకౌంట్ ఇస్తారా? అసలు ఈ వయసులో ఇవ్వొచ్చా?

జవాబు 1
ఇస్తారండీ. 18 నిండేదాకా మీలో ఒకరు జాయింట్‌గా ఉండమంటారు. సోషల్ లేకపోయినా పాస్‌పోర్ట్, వీసా, అడ్రస్ ప్రూఫ్ చూసి తెరిచే బ్యాంకులున్నాయి. ఆన్‌లైన్‌లో కూర్చుంటే మాత్రం ఆ నంబర్ దగ్గరే ఆగిపోవచ్చు. బ్రాంచిలో అపాయింట్‌మెంట్ తీసుకుని అమ్మాయిని వెంటబెట్టుకు వెళ్లండి. నెలవారీ ఫీజు లేని స్టూడెంట్ అకౌంట్ కావాలని నోరు తెరిచి అడగండి. ఒక్క మాట: ఐస్‌క్రీమ్ షాపులో ఫ్రెండ్ పని చేస్తోంది, నేనూ చేరతానంటే ఒప్పుకోకండి. హెచ్‌-4 పిల్లలు ఉద్యోగం చేయకూడదు.

జవాబు 2
అమ్మా, అకౌంట్ తెరవడం ఎంతసేపు! అసలు పని ఆ తర్వాతే. మన దగ్గర పిల్లలు ఫోన్‌పేకి అలవాటుపడ్డారు. చాలావరకు పిన్ కొడితేనే డబ్బు కదులుతుంది, ఆన్‌లైన్‌లో కార్డు వాడితే ఓటీపీ వస్తుంది. ఇక్కడ చాలాచోట్ల ఆ అడ్డు ఉండదు. నంబర్ ఒకసారి ఇచ్చామా, నెలనెలా లాగేస్తూనే ఉంటారు. మావాడు ఫ్రీ ట్రయల్ కదా అని ఒక గేమ్‌కి కార్డు ఇచ్చాడు. మేం చూసుకునేసరికి అయిదు నెలలు కట్ అయ్యాయి. అప్పట్నుంచి ప్రతి ఖర్చుకీ అలర్ట్ పెట్టించాను. ఆదివారం టిఫిన్ అయ్యాక పది నిమిషాలు స్టేట్‌మెంట్ వాడే చదివి వినిపించాలి, ఏది ఎందుకో చెప్పాలి.

ఓవర్‌డ్రాఫ్ట్ (అకౌంట్‌లో డబ్బు లేకపోయినా బ్యాంకు కట్టేసి, దానికి ఫీజు వేయడం) కావాలా అని అడిగితే వద్దనండి. మీరు ఒప్పుకోకుండా ఒక్కసారి చేసే డెబిట్ కార్డు కొనుగోళ్ల మీద ఆ ఫీజు వేయడానికి వీల్లేదు. బ్యాలెన్స్ లేక కౌంటర్ దగ్గర కార్డు డిక్లైన్ అయితే పిల్లకి కాస్త చిన్నతనంగా ఉంటుంది, నిజమే. అయిదు డాలర్ల బోబా టీకి ముప్ఫై పైచిలుకు ఫీజు కట్టడం కంటే నయం కదా. కార్డు పోతే తిడతారని దాచొద్దని ముందే చెప్పండి. పోయిందని తెలిసిన 2 పనిదినాల్లో బ్యాంకుకి చెబితే మన మీద పడేది 50 డాలర్లు దాటదు. ఆలస్యం చేస్తే 500 దాకా, మరీ ఆలస్యమైతే అంతకంటే ఎక్కువే పోవచ్చు.

జవాబు 3
జెల్‌లో (బ్యాంకు యాప్ నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) మోసగాడికి మనమే పంపేస్తే తిరిగి రావడం కష్టం, అదీ చెప్పండి. చెక్కు మీద ఇక్కడ నెల ముందు, తేదీ తర్వాత. మా అమ్మాయి మొదటి చెక్కు అలాగే తప్పు రాసింది.

అడిగినామె
శనివారానికి అపాయింట్‌మెంట్ దొరికిందండీ. అలర్టులు తన ఫోన్‌కేనా, మాకూ పెట్టించుకోవాలా?

జవాబు 2
మొదటి ఆరు నెలలు ఇద్దరికీ. తర్వాత మీది తీసేయండమ్మా. కాఫీ తాగిన ప్రతిసారీ మీ ఫోన్ వస్తుంటే, పిల్ల కార్డు పక్కన పడేసి మీ దగ్గర క్యాష్ అడగడం మొదలుపెడుతుంది.