డింకీ కొట్టడమంటే పరీక్ష తప్పడమా, క్లాసు ఎగ్గొట్టడమా?

ప్రశ్న: నమస్కారమండీ. నేను బెంగళూరులో పెరిగాను, ఉద్యోగం కోసం విజయవాడ వచ్చాం. మొన్న మా మేనమామ "నేనూ ఇంటర్లో డింకీ కొట్టినవాణ్ణేరా" అన్నారు. కాలేజీ ఎగ్గొట్టారనుకున్నాను. మా ఆవిడ కాదంటోంది. ఏది సరి? పక్కింటి అబ్బాయికి ఇంటర్ లెక్కలు పోయాయి. వాళ్లమ్మగారి దగ్గర ఈ మాట వాడొచ్చా?

జవాబు: మీ ఆవిడ చెప్పిందే సరైందండీ. డింకీ కొట్టడమంటే పరీక్ష తప్పడం. క్లాసు ఎగ్గొడితే డుమ్మా కొట్టడం. రెండిటికీ 'కొట్టడం' ఉండేసరికి కలిసిపోతుంటాయి. ఎన్నిసార్లు తప్పితే అన్ని డింకీలు: "రెండు డింకీలు కొట్టి మూడోసారి గట్టెక్కాడు" అంటారు.

వాళ్లమ్మగారి దగ్గర మాత్రం వద్దండీ. నాకు ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో ఒక పేపరు పోయింది. అప్పట్లో 75కి 26 రావాలి, 24 వచ్చాయి. ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన అందరి ముందూ "ఏరా, డింకీ కొట్టావటగా" అన్నాడు. తలెత్తలేకపోయాను. అమ్మ పప్పులో పోపు వేస్తూ, ఇటు తిరక్కుండానే, "లెక్కలొక్కటే పోయాయి, సప్లీలో రాసేస్తాడు" అంది. ఈ రెండు వాక్యాల్లో కర్త ఎవరో చూడండి. ఆయన మాటలో నేను, అమ్మ మాటలో లెక్కలు. "డింకీ కొట్టాడు" అంటే పిల్లాడేదో కావాలని చేసినట్టు వినిపిస్తుంది. మీ మేనమామలా ఎప్పుడో జరిగిన తన సంగతి చెప్పుకున్నా, స్నేహితులు తమలో తాము అనుకున్నా ఇబ్బంది లేదు.

ఇంకొకరు: మావైపు "ఇంగ్లీషు తన్నేసింది" అని కూడా అంటాం. అర్థం అదే.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. "తప్పాడు" అంటే పర్వాలేదా? సప్లీ అంటే మళ్లీ రాసే పరీక్షేనా?

జవాబు: అవును, సప్లిమెంటరీని పొట్టిగా సప్లీ అంటారు. "తప్పాడు"లో ఎగతాళి లేదు, పెద్దవాళ్లు మామూలుగా వాడేదే. అయినా ఫలితాలొచ్చిన వారంలో అదీ గుచ్చుకుంటుంది. "లెక్కలు పోయాయట కదండీ, సప్లీకి ఫీజు కట్టారా?" అని అడగండి. ఆ గడువు కొద్ది రోజులే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: అలాగే అడిగానండీ. ఇంకా కట్టలేదట. రేపు ఆ అబ్బాయితో కాలేజీకి నేను వెళ్తున్నాను.