ఉపాధి విధానంపై మమ్మల్ని సంప్రదించాల్సిన బాధ్యత ప్రభుత్వానికి ఉందా?

ప్రశ్న (బీడీ కార్మిక సంఘం కార్యకర్త, నిజామాబాద్ జిల్లా):
2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినప్పటి నుంచి మా సంఘంలో ఇదే చర్చ. కార్మికులనూ యజమానులనూ అడగకుండా విధానాలు మార్చడం అంతర్జాతీయ కార్మిక సంస్థ 144వ ఒడంబడికకు విరుద్ధమని కొందరు, ఆ ఒడంబడిక ఇక్కడ చెల్లదని మరికొందరు వాదిస్తున్నారు. రేపు వెయ్యి బీడీల కూలి రేటును సవరిస్తూ ముసాయిదా వెలువడితే మా మాట ఎవరి ముందు, ఏ దశలో చెప్పుకోవాలి?

జవాబు 1 (కార్మిక చట్టాల న్యాయవాది):
144వ ఒడంబడికను భారత్ 1978లో ఆమోదించింది గానీ, అది ప్రధానంగా ఆ సంస్థ ప్రమాణాలకు సంబంధించిన సంప్రదింపుల గురించి చెబుతుంది. మీ వాదనకు దగ్గరైనది 1998లో మనం ఆమోదించిన 122వ ఒడంబడిక. ఉపాధి విధానాల విషయంలో ప్రభావితులయ్యే వారి ప్రతినిధులను, ముఖ్యంగా యజమానుల, కార్మికుల ప్రతినిధులను సంప్రదించాలని దాని మూడవ అధికరణం నిర్దేశిస్తుంది. అయితే దేశీయ చట్టం తోడు లేకుండా, కేవలం ఒడంబడికను చూపి కోర్టులో గెలవడం కష్టం. కాబట్టి ఆ నాలుగింటిలో ఒకటైన వేతన కోడ్ 8వ సెక్షన్‌ను పట్టుకోండి. కనీస వేతనం సవరణకు ప్రభుత్వం కమిటీ వేస్తే అందులో యజమానుల, కార్మికుల ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండాలి, స్వతంత్ర సభ్యులు మూడో వంతుకు మించరాదు. కమిటీ వేయకుండా ప్రతిపాదనలను నేరుగా గెజిట్‌లో ప్రకటిస్తే, వాటిని పరిశీలనకు చేపట్టే తేదీకి కనీసం రెండు నెలల వ్యవధి ఇవ్వాలి, సలహా మండలినీ సంప్రదించాలి.

జవాబు 2 (చిన్న పరిశ్రమల యజమాని):
యజమానుల తరఫున నేనూ ఇలాంటి కమిటీలో కూర్చున్నాను. లెక్కల కాగితాలు సమావేశం నాటి ఉదయం చేతికిచ్చి, సాయంత్రానికి సంతకాలు అడిగితే దాన్ని సంప్రదింపు అనడానికి నాకు మనసొప్పదు. మీ అభ్యంతరంలో రేటు చాలదని మాత్రమే రాయకండి. వెయ్యి బీడీలకు ఇచ్చే తునికాకు ఎంత తక్కువ పడుతోంది, కొరతను కార్మికురాలు సొంత డబ్బుతో ఎంతకు కొంటోంది, నాసిరకమని ఎన్ని బీడీలు పక్కన పెడుతున్నారు అన్నది రోజువారీ లెక్కలతో జతచేయండి. సక్రమంగా ఆకు ఇచ్చే యజమానికి కూడా ఈ లెక్క అవసరమే, ఎందుకంటే ఇవ్వనివాడితో పోటీపడి నష్టపోతున్నది అతడే.

జవాబు 3 (విశ్రాంత కార్మిక శాఖ ఉద్యోగి):
పై సలహాతో ఏకీభవిస్తాను. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు ముగ్గురు వినియోగదారుల కుటుంబం, తలకు 2,700 కేలరీలు, కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ అంటూ కనీస వేతనానికి కొలతలు నిర్ణయించింది. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు మూడు పక్షాలూ ఒప్పుకున్న కొలత కాబట్టే తర్వాత సుప్రీంకోర్టు కూడా దాన్ని ఆధారంగా తీసుకుంది. అలాంటి సదస్సు 2015 జులైలో 46వ సారి జరిగాక మళ్లీ జరగనే లేదు, ఆ తర్వాతే నాలుగు కోడ్‌లూ పార్లమెంటులో నెగ్గాయి. తమను సంప్రదించలేదన్న కేంద్ర కార్మిక సంఘాల ఫిర్యాదులో బలమైన అంశం ఇదేనని నా అభిప్రాయం. మీరు మాత్రం ముసాయిదా వచ్చేదాకా ఆగకుండా, రాష్ట్ర సలహా మండలిలోని కార్మిక సభ్యులు ఎవరో తెలుసుకొని లెక్కలు ముందే వారికి అందజేయండి.